బెల్ మీద పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది: పాత సాక్సోఫోన్లను గుర్తుపట్టడం ఎలా

చికాగో చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ పిల్లలు అయిదో తరగతికో ఆరో తరగతికో వచ్చేసరికి బడి బ్యాండులో చేరతారు. వాళ్ళలో సాక్సోఫోన్ కావాలనేవాళ్ళు తక్కువేం కాదు. అక్కణ్ణుంచి నాకు ఫోన్లు మొదలు. "అక్కా, ఎస్టేట్ సేల్‌లో ఒకటి దొరికింది, మీద వుర్లిట్జర్ అని చెక్కి ఉంది, మంచి కంపెనీయేనా?" అరోరా గుడిలో కనబడినా ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. వాయిద్యాల రిపేరు దుకాణంలో సాక్స్ రంధ్రాలను మూసే మెత్తలు, అంటే ప్యాడ్లు, మార్చే పని నాది కాబట్టి అడగడం సహజమే. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఆ పేరు చూసి కొనకండి, ఆ పేరు చూసి వదిలేయకండి కూడా. అది అమ్మినవాళ్ళ పేరు. చేసినవాళ్ళ పేరు ఇత్తడిలో ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకోవచ్చు.

కాస్ట్‌కోలో కిర్క్‌లాండ్ సరుకు కొంటాం కదా, కాస్ట్‌కోకి సొంతంగా పాలడైరీ, బ్యాటరీ ఫ్యాక్టరీ అన్నీ ఉన్నాయా? ఎవరో చేసిస్తారు, వీళ్ళు తమ పేరు వేస్తారు. 1920ల్లో అమెరికాకు సాక్సోఫోన్ పిచ్చి పట్టినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. సిన్సినాటీ వుర్లిట్జర్, చికాగో లయన్ అండ్ హీలీ, న్యూయార్క్ కార్ల్ ఫిషర్, కాన్సాస్ సిటీ జెంకిన్స్, పోస్టులో సరుకు పంపే సియర్స్, మాంట్‌గోమరీ వార్డ్, వీటన్నిటికీ తమ పేరుతో సాక్స్ కావాల్సి వచ్చింది. చేసిచ్చే ఫ్యాక్టరీలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఇలా వేరే పేరుతో వచ్చినవాటిని ఇక్కడ స్టెన్సిల్ అంటారు, నేనూ అలాగే అంటాను.

ఆ ఫ్యాక్టరీలు ఏవో ముందు తెలియాలి. కాన్, బిషర్, మార్టిన్ మూడూ ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ అనే ఒకే ఊరివి. చికాగో నుంచి కారులో రెండు గంటల దారి. బిషర్ కంపెనీ పెట్టిన గస్ బిషర్ అంతకుముందు కాన్‌లో పనిచేసినవాడే. అందుకే పాత వాటిల్లో పోలికలు కనిపిస్తాయి, తొందరపడి తేల్చకూడదు. కింగ్ పేరుతో చేసిన హెచ్.ఎన్. వైట్ కంపెనీది ఒహాయోలోని క్లీవ్‌లాండ్. హోల్టన్ విస్కాన్సిన్‌లోని ఎల్క్‌హార్న్‌ది. ఎల్క్‌హార్ట్ వేరు, ఎల్క్‌హార్న్ వేరు, అమ్మేవాళ్ళ ప్రకటనల్లో ఈ రెండూ తెగ కలిసిపోతుంటాయి. యార్క్‌ది మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్. 1920ల నాటి అమెరికన్ స్టెన్సిల్ మీ చేతికి వస్తే చాలావరకు వీళ్ళలో ఒకరి చేతిపనే.

ఒక దుకాణం ఎప్పుడూ ఒకే ఫ్యాక్టరీ దగ్గర కొనలేదన్నది మర్చిపోవద్దు. ఈ ఏడు ఎవరు తక్కువకిస్తే వాళ్ళ దగ్గర కొన్నారు, ఆర్డరు పెద్దదైతే ఇద్దరి దగ్గరా కొన్నారు. కాబట్టి "వుర్లిట్జర్ అంటే ఫలానావాళ్ళు చేసింది" అని ఎవరైనా పేర్ల పట్టిక చూపిస్తే దాన్ని అనుమానంగా ఉంచుకుని, చేతిలో ఉన్న వాయిద్యాన్ని చూడాలి.

ముందు రంధ్రాలు చూడండి

సాక్స్ గొట్టం మీద ప్యాడ్ వచ్చి కూర్చునే రంధ్రాలను టోన్ హోల్స్ అంటాం. ప్రతి రంధ్రం చుట్టూ చిన్న గట్టు లేచి ఉంటుంది. ఆ గట్టు ఎలా వచ్చింది, దాని అంచు ఎలా ఉంది అన్నదే నేను అన్నిటికంటే ముందు చూస్తాను. చెక్కిన పేరును చెరిపి ఇంకోటి చెక్కొచ్చు, మీద పూత మార్చొచ్చు. గట్టును మాత్రం ఎవరూ మార్చరు.

బెల్, అంటే సాక్స్ చివర గరాటులా విచ్చుకున్న భాగం, దాని మీదున్న పెద్ద రంధ్రాల దగ్గర చూడడం తేలిక. కీని పైకెత్తి పట్టుకుని, అంచు మీద వేలి కొస ఆనించి నెమ్మదిగా తిప్పండి. మూడు రకాలు తగులుతాయి.

మొదటిది, గట్టు గొట్టం లోహంలోంచే పైకి లాగినది, అంచు నిటారుగా, పల్చగా కోసినట్టుంటుంది. అడుగున అతుకు ఉండదు. గొట్టం నున్నగా వంపు తిరిగి గట్టుగా మారుతుంది. బిషర్, హోల్టన్, కాన్ చేసిన స్టెన్సిళ్ళు ఎక్కువగా ఇవే.

రెండోది, అలా లాగిన గట్టు అంచును మళ్ళీ బయటికి మడిచినది. వేలికి గుండ్రంగా, మెత్తగా తగులుతుంది. ఇది కాన్ తన సొంత పేరున్న సాక్సులకు పెట్టుకున్న గొప్ప. సుమారు 1920 నుంచి 1947 దాకా చేశారు. స్టెన్సిళ్ళకు మామూలుగా ఇవ్వలేదు. అలాగే నెక్ మీద, అంటే ఊదే మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం మీద, మర తిప్పి శ్రుతి సరిచేసే మైక్రోట్యూనర్ కూడా ఇవ్వలేదు. బిషర్ కూడా తన స్నాప్ ప్యాడ్లను, అంటే జిగురు లేకుండా బొత్తాంతో బిగించే ప్యాడ్లను, సాధారణంగా తన పేరున్నవాటికే ఉంచుకుంది. ఈ లెక్క బాగా గుర్తుంచుకోండి: ఫ్యాక్టరీ తన ప్రత్యేకతను పక్కవాడి పేరుకు ఇవ్వదు. కాన్ స్టెన్సిల్‌లో మడత అంచుల కోసం వెతికి, లేవు కాబట్టి ఇది కాన్ కాదనుకోవడం తిరకాసు లెక్క.

మూడోది మార్టిన్. దీని దగ్గర కాస్త ఆగుతాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

మార్టిన్ వాళ్ళు గట్టును గొట్టంలోంచి లాగలేదు. విడిగా ఉంగరం చేసి, గొట్టం మీద టంకంతో అతికించారు. ఆ పైన అంచును వాలుగా చెక్కారు. అందువల్ల ప్యాడ్‌ను తాకేచోట గట్టు చాలా సన్నగా, కిందికి వచ్చేకొద్దీ మందంగా ఉంటుంది. మొన్న మా బల్ల మీదికి వుర్లిట్జర్ పేరున్న టెనర్, అంటే పెద్ద సైజు సాక్స్, ఒకటి వచ్చింది. వెండిపూత నల్లబడి బొగ్గులా ఉంది, పెట్టె తెరవగానే ముక్క వాసన. తక్కువ సి కీ తీసి దీపం కిందికి వంచాను. ప్యాడ్ మీద రంధ్రం వదిలిన గీత దారంలా సన్నగా ఉంది. గట్టు మొదట్లో, గొట్టాన్ని కరుచుకున్న పళ్ళెం లాంటి అంచు, దాని చుట్టూ బూడిదరంగు టంకం గీత. గోరు పెట్టి లాగితే ఆ గీత మీద చిన్నగా ఆగుతుంది. అంతే, ఇంకేమీ చూడక్కర్లేదు. బెల్ మీద ఎవరి పేరున్నా అది మార్టిన్ ఫ్యాక్టరీలో పుట్టిన సాక్స్.

కింగ్ పాత సాక్సుల్లోనూ గట్లు టంకంతో అతికించినవే. కానీ వాటి అంచు మార్టిన్‌లా వాలుగా ఉండదు. అతుకు, వాలు రెండూ కలిసి కనిపిస్తేనే మార్టిన్ అనండి.

కాన్, బిషర్ తమ ప్రత్యేకతలు దాచుకున్నారన్నాను కదా, మార్టిన్ దగ్గర అది కుదరలేదు. వాళ్ళ ప్రత్యేకత గొట్టం చేసే పద్ధతిలోనే ఉంది, దాన్ని తీసేసి వేరే గొట్టం చేయలేరు. అందుకే మార్టిన్ చేసిన స్టెన్సిల్‌కూ వాళ్ళ సొంత పేరున్న హ్యాండ్‌క్రాఫ్ట్ మోడల్‌కూ మోతలో పెద్ద తేడా నేను వినలేదు. నిండైన, కొంచెం చీకటి రంగు గొంతు. నా మాట వింటే, స్టెన్సిళ్ళలో డబ్బుకు తగ్గ విలువ ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఒక్క జాగ్రత్త: ఆ టంకం ఏళ్ళ తరబడి తుప్పుతిని సూదిమొనంత కన్నాలు పడతాయి. కంటికి కనపడవు, కింది స్వరాలు పలకవు. బాగుచేయడం తెలిసిన చేతికే ఇవ్వాలి. తెలియనివాళ్ళు దగ్గర్లో మంట పెడితే పక్క ఉంగరం టంకం కూడా కరిగిపోతుంది.

ముద్రలు, అంకెలు

వెనక్కి తిప్పితే, కుడి బొటనవేలు కొక్కెం దగ్గర అంకెలు, అక్షరాలు గుద్ది ఉంటాయి. అమ్మకం ప్రకటనల్లో "1914 నాటి అరుదైన సాక్సోఫోన్" అని ఎన్నిసార్లు కనిపిస్తుందో! అక్కడ ఉన్నది "పేటెంట్, డిసెంబర్ 8, 1914" అన్న ముద్ర, దాని పక్కన 1119954 అనే సంఖ్య. అది చేసిన ఏడాది కాదు, సీరియల్ నంబరూ కాదు. టోన్ హోల్స్‌ను గొట్టం లోహంలోంచే పైకి లాగే పద్ధతికి ఇచ్చిన పేటెంట్ అది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు అదే ముద్ర గుద్దుతూ పోయారు. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఈ ముద్ర కాన్ చేసిన స్టెన్సిళ్ళ మీద తరచుగా కనిపిస్తుంది. అంచులు మడవకుండా, ఈ ముద్రతో ఉంటే నా చూపు మొదట కాన్ వైపే వెళుతుంది. కాన్ సాక్సుల మీద సీరియల్ నంబరుతోపాటు ఒంటరి అక్షరాలు కూడా ఉంటాయి: సాక్సోఫోన్‌కు ఎం, టెనర్ కన్నా చిన్నదైన ఆల్టోకు ఏ, టెనర్‌కు టి, లో పిచ్‌కు ఎల్ (పిచ్ సంగతి చివర్లో చెబుతాను).

అసలు సీరియల్ నంబరును మాత్రం పట్టికలతో పోల్చి ఏడాది చెప్పేయకండి. కంపెనీల సంఖ్యల పట్టికలు వాటి సొంత పేరు సాక్సులకు వేసినవి. స్టెన్సిళ్ళకు చాలాసార్లు వేరే వరస నడిపారు. ఫ్యాక్టరీ తేలిన తర్వాత, కీల అమరికను చూసి దశాబ్దం అంచనా వేయడమే నమ్మదగిన దారి.

గట్టు చూసీ ముద్ర చూసీ తేలకపోతే పోలిక మొదలుపెట్టాలి. ఎడమ చిటికెన వేలు కింద ఉండే జీ షార్ప్, సీ షార్ప్, బీ, బీ ఫ్లాట్ కీల గుంపు, బెల్‌నూ గొట్టాన్నీ కలిపే కట్టు, కీలకు దెబ్బ తగలకుండా కాపాడే కీ గార్డుల ఆకారం, వాటికి ఎన్ని కాళ్ళు, ఎక్కడ అతికించారు, స్వరాన్ని పై స్థాయికి తీసుకెళ్ళే, నెక్ మీది ఆక్టేవ్ కీ వంపు. ఈ నాలుగూ దగ్గరగా ఫొటో తీసి, అదే దశాబ్దపు కాన్ న్యూ వండర్, బిషర్ ట్రూ టోన్, మార్టిన్ హ్యాండ్‌క్రాఫ్ట్, కింగ్, హోల్టన్ ఫొటోల పక్కన పెట్టండి. సౌత్ డకోటాలోని వెర్మిలియన్‌లో ఉన్న నేషనల్ మ్యూజిక్ మ్యూజియంలో ఎల్క్‌హార్ట్ వాయిద్యాలు బోలెడు, పోల్చుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. ఒక్క పోలికతో తేల్చొద్దు. ఫ్యాక్టరీల్లో పోతపోసిన చిన్న విడిభాగాలు అచ్చులు మారే దాకా ఒకేలా వస్తాయి కాబట్టి గార్డు, కట్టు రెండూ కుదిరితే నాకు నమ్మకం కుదురుతుంది.

స్టెన్సిల్ అనిపించే సొంత పేర్లు

కొన్ని పేర్లు దుకాణాల పేర్లలా వినబడతాయి గానీ ఫ్యాక్టరీలు చవక ధరకు అమ్ముకోవడానికి తామే పెట్టుకున్నవి. ప్యాన్ అమెరికన్, కవలియర్ కాన్‌వి. ఎల్క్‌హార్ట్ అనే పేరు బిషర్‌ది, ఇండియానా మార్టిన్‌ది, క్లీవ్‌లాండ్ కింగ్‌ది, కాలేజియేట్ హోల్టన్‌ది. వీటిలో తయారీదారు ఎవరన్నది వెతకనక్కర్లేదు, పని తేలికే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పేర్లే ఎక్కువ తికమక పెడతాయి. విటో తీసుకోండి. విస్కాన్సిన్‌లోని కెనోషాలో ఉన్న లెబ్లాంక్ కంపెనీ అధిపతి విటో పస్కూచీ పేరు అది. ఆ పేరుతో ఫ్రాన్సులో బోనియే చేసినవి ఉన్నాయి, జపాన్‌లో యమహా చేసినవి ఉన్నాయి, యానగిసావా చేసినవి ఉన్నాయి, తైవాన్‌వి కూడా ఉన్నాయి. ధర చెప్పేముందు ఏ దేశం అని గుద్దారో చూడాల్సిందే. విఎస్‌పి అని ఉన్న విటో దొరికితే అది యానగిసావా చేసింది, వదులుకోవద్దు.

బండీ కూడా అంతే. ఫ్రెంచ్ వాయిద్యాల కంపెనీ సెల్మర్ అమెరికా శాఖను నడిపిన జార్జ్ బండీ పేరు. 1963లో సెల్మర్ అమెరికా బిషర్‌ను కొనేసింది. ఆ తర్వాతి బండీలకు బిషర్ సాక్సులే మూలం. అందుకే బడుల్లో ఎన్ని దెబ్బలు తిన్నా ఇంకా పలుకుతున్నాయి. కానీ బండీ స్పెషల్ అని ఉంటే కీల్వెర్త్ చేసిన జర్మన్ సరుకు, పూర్తిగా వేరే సాక్స్.

కూఫ్ సుపర్బా కూడా కీల్వెర్త్‌దే. అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ అమ్మింది. సుపర్బా వన్‌కు గుండ్రని అంచుల టోన్ హోల్స్ ఉంటాయి. ఇక్కడే కాన్ అనుకుని పొరబడతారు. కాన్‌ది గట్టు అంచునే మడిచినది, కీల్వెర్త్‌ది గుండ్రని ఉంగరం తెచ్చి పైన అతికించినది. అంచు కింద గోరు పెడితే అతుకు తెలుస్తుంది. కింగ్ మారిగో అని ఉంటే కింగ్ చేసింది కాదు, పారిస్‌లోని ఎస్ఎంఎల్ చేసినది, చాలా మంచి వాయిద్యం. ఎవెట్ అండ్ షేఫర్ అంటే ఫ్రెంచ్ కంపెనీ బఫే సొంత తయారీ. ఊరికే ఎవెట్ అని, కింద "బఫే ప్రాయోజితం" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ఉంటే బయట చేయించినది. రెండిటికీ ఒక్కటే ధర చెబితే ఒప్పుకోవద్దు.

ఎవరు చేసినా సరే, ఈ రెండూ చూడాలి

ఒకటి, పిచ్. ఆ రోజుల్లో సాక్సులు రెండు శ్రుతుల్లో వచ్చేవి. ఇప్పటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కు సరిపోయే లో పిచ్, 457 దాకా పోయే హై పిచ్. ఎల్ అనో, ఎల్‌పి అనో, పూర్తిగా లో పిచ్ అనో ముద్ర ఉంటే క్షేమం. హెచ్ ఉంటే బ్యాండుకు పనికిరాదు. మౌత్‌పీస్ బయటికి లాగి సరిచేయొచ్చని అంటారు, లాగితే ఒక స్వరం సరిపోతుంది, మిగతావి పక్కకు పోతాయి. గొట్టం కొలతే వేరు కదా. ముద్ర లేకపోతే ట్యూనర్ పెట్టి నాలుగైదు స్వరాలు చూడాలి, ఒక్కటి చాలదు. కర్ణాటక సంగీతం ఒంటరిగా సాధన చేసేవాళ్ళకు మాత్రం ఒక సంగతి. కద్రి గోపాల్‌నాథ్ గారిని విని ఆల్టో మొదలుపెట్టినవాళ్ళు మనలో ఉన్నారు. ఎలక్ట్రానిక్ తంబూరాను వాయిద్యానికి తగ్గట్టు జరుపుకోవచ్చు కాబట్టి ఇంట్లో వాయించుకోవడానికి హై పిచ్ ఆల్టో అడ్డం కాదు. కీబోర్డుతో కలిసిన రోజు మాత్రం కుదరదు.

రెండోది, సి మెలొడీ. ఆల్టోకూ టెనర్‌కూ మధ్య సైజు. 1920ల్లో ఇళ్ళలో పియానో పక్కన వాయించుకోవడానికి విపరీతంగా అమ్మారు, స్టెన్సిళ్ళలో కుప్పలు తెప్పలు. తెలిసో తెలియకో "చిన్న టెనర్" అని అమ్ముతారు. బడి బ్యాండులో దానికి పాత్రే లేదు. పరీక్ష తేలిక: ఎడమచేతి నడిమివేలు ఒక్కటే నొక్కి ఊదండి. ట్యూనర్ మీద ఈ ఫ్లాట్ వస్తే ఆల్టో, బీ ఫ్లాట్ వస్తే టెనర్, సి వస్తే సి మెలొడీ.

పిల్లవాడికి మొదటి వాయిద్యంగా 1920ల స్టెన్సిల్ కొనమని నేను చెప్పను. ఎవరు చేసినా చెప్పను. ఎడమ చిటికెన వేలి కీలు చిన్న చేతికి కష్టం, బరువు, రిపేరుకు ఇస్తే తొందరగా తిరిగిరాదు. యమహా చేసిన విటో, తర్వాతి కాలపు బండీ అయితే సరే. హైస్కూలుకు వచ్చి గొంతు కోసం వెతుక్కునే పిల్లలకు, కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ళకు మాత్రం మంచి మార్టిన్ స్టెన్సిల్‌ను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ప్యాడ్లన్నీ మార్చడానికి అయిదారు వందల డాలర్ల నుంచి పైకి అవుతుందని కొనే ధరకు కలిపి లెక్కేసుకోండి. మీద కొత్తగా పూత వేసి మెరిపించినవాటికి ఎక్కువ ఇవ్వకండి. చెక్కిన అక్షరాల అంచులు అరిగి మొద్దుబారి ఉంటే మెరుగుపెట్టే యంత్రం తిరిగిందని అర్థం, లోహం కొంత పోయిందని కూడా.

దూరం నుంచి కొంటుంటే అమ్మేవాళ్ళను ఈ ఫొటోలు అడగండి: బెల్ మీది పేరు, వెనక గుద్దిన ముద్రలు మొత్తం, పెద్ద టోన్ హోల్ ఒకటి కీ ఎత్తి పక్కనుంచి, ఎడమ చిటికెన వేలి కీలు, బెల్ కట్టు, నెక్ రెండు వైపులా. నెక్ పూత గొట్టం పూతతో కలవాలి. గొట్టం వెండి, నెక్ ఇత్తడి అయితే అది వేరే సాక్స్‌ది. నెక్ అసలు లేనేలేదంటే, చేసింది మార్టిన్ అని తేలినా వదిలేయండి. ఆ కాలపు నెక్ విడిగా దొరకడం కష్టం, వేరేది తగిలిస్తే శ్రుతి కుదరదు.